తొమ్మిది రోజులుగా ట్రాక్షన్‌లో తమ్ముడు: ఆగాలా, వేరే చోటికి తీసుకెళ్లాలా?

పేరు వెయ్యవద్దని కోరిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె తమ్ముడికి 24 ఏళ్లు. బైకు మీద వస్తుంటే పక్క నుంచి లారీ కొట్టింది. కుడి తొడ ఎముక మధ్యలో విరిగింది. మొదట దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి తీసుకెళ్తే, తొడ మీద ఉన్న చిన్న గాయానికి రెండు కుట్లు వేసి, ఒక ఇంజెక్షన్ చేసి జిల్లా ఆసుపత్రికి పంపారు. అక్కడ మోకాలి కింద ఎముకలోంచి పిన్ను దూర్చి, తాడు కట్టి, బరువులు వేలాడదీశారు. దీన్నే ట్రాక్షన్ అంటారు. ఉత్తరం రాసేనాటికి తొమ్మిదో రోజు. ఆపరేషన్ లిస్టులో రెండుసార్లు పేరు వచ్చింది, రెండుసార్లూ వాయిదా పడింది. సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం రిపేరులో ఉందని, అది వస్తే ఎముక లోపల రాడ్డు వేస్తామని, రాకపోతే ఇలాగే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుకోబెడితే ఎముక అతుక్కుంటుందని డాక్టరు చెప్పారు. వాళ్లమ్మ కట్టు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామంటోంది. మేనమామ అప్పు చేసైనా నగరంలోని ప్రైవేటు ఆసుపత్రికి మారుద్దామంటున్నారు. ఇంటికి సంపాదన తెచ్చేది ఈ అబ్బాయే. "రాత్రిళ్లు నొప్పితో ఏడుస్తున్నాడు. చూడలేక బరువు కింద స్టూలు పెట్టి కాసేపు నిద్రపుచ్చుతున్నాం. ముగ్గురూ మూడు మాటలు చెబుతుంటే నేనేం చెయ్యాలి?" అని అడిగారు.

సమాధానం

మీరు ఎక్కువగా రాసింది ఆ మూడు దారుల గురించి. వాటి దగ్గరికి వస్తాను. కానీ ముందు తేల్చుకోవాల్సినవి మీరు ఒక్కో వాక్యంలో రాసి దాటేసిన రెండు సంగతులు. ఒకటి ఆ స్టూలు, రెండోది ఆ రెండు కుట్లు.

స్టూలు ఈ రాత్రి నుంచే తీసేయండి. మీరు ప్రేమతోనే పెట్టారు, అందులో సందేహం లేదు. కానీ తొడ చుట్టూ ఉన్న కండరాలు శరీరంలోనే చాలా బలమైనవి. ఎముక విరగ్గానే అవి బిగుసుకుని, విరిగిన రెండు ముక్కల్నీ ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. ఆ లాగుడుకు ఎదురు లాగడానికే బరువు. స్టూలు పెట్టిన మొదటి పది నిమిషాలు హాయిగానే ఉంటుంది. తర్వాత కండరం మళ్లీ బిగుసుకుంటుంది, ముక్కలు ఒకదాని పక్కన ఒకటి జరుగుతాయి, తెల్లవారి స్టూలు తీసేసరికి నొప్పి రెట్టింపు అవుతుంది. మీ తమ్ముడి నొప్పి తగ్గకపోవడానికి ఇదే ఒక కారణం కావచ్చు. రోజూ కదిలే చోట కొత్త ఎముక పట్టుకోదు కూడా. నొప్పికి మందు అడగండి. నొప్పి వచ్చినప్పుడల్లా సిస్టరు కోసం వెతకడం కాకుండా, గంటల లెక్కన క్రమంగా ఇచ్చేలా, నిద్రకు ముందు ఒక డోసు పడేలా కేస్ షీట్‌లో రాయించమని డాక్టరును అడగండి. ఇంకొక మాట: తొమ్మిదో రోజుకు నొప్పి మొదటి రోజుల కంటే తగ్గి ఉండాలి. ట్రాక్షన్ సరిగ్గా ఉండి, మందు పడుతూ ఉండి కూడా రోజురోజుకూ పెరుగుతుంటే దానికి వేరే కారణం ఉంటుంది, చీము కావచ్చు. డాక్టరు చెయ్యి వేసి చూడాలి.

ఇక ఆ కుట్లు. తొడ మీద గాయం విరిగిన చోటికి దగ్గర్లో ఉందా, దూరంగా ఉందా? దూరంగా రోడ్డు గీసుకున్న గాయమైతే పెద్ద భయం లేదు. కానీ విరిగిన ఎముక మొన లోపలి నుంచి చర్మాన్ని పొడుచుకుని బయటికొచ్చి, మళ్లీ లోపలికి వెళ్లిపోయి ఉండొచ్చు. బయటికి అర అంగుళం గాయమే కనిపిస్తుంది. లోపల మాత్రం రోడ్డు మీది మట్టి, బట్ట పీలికలు ఎముక దాకా వెళ్లి ఉంటాయి. అలాంటి గాయం నుంచి నల్లటి రక్తం ఊరుతూ ఉంటుంది, మీద నూనె చుక్కల్లా కొవ్వు తేలుతుంది. దాన్ని తెరిచి, కడిగి, చచ్చిన కండ తీసేయాలి. కడగకుండా కుట్టేస్తే లోపల చీముకు తలుపు వేసినట్టే. కాబట్టి రేపు రౌండ్స్‌లో డాక్టరును మొదట అడగాల్సింది ఇదే: "ఈ గాయం విరిగిన ఎముకతో కలిసి ఉందా? గాయాన్ని థియేటర్‌లో తెరిచి కడిగారా?" మొదటి ఆసుపత్రి ఇచ్చిన చీటీ ఉంటే చూపించండి. ఆ ఇంజెక్షన్ ధనుర్వాతానిదా, యాంటీబయాటిక్కా అన్నది కూడా అందులో ఉంటుంది. గాయం చుట్టూ ఎర్రగా, వేడిగా ఉన్నా, కుట్ల మధ్య నుంచి రసి కారుతున్నా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా రౌండ్స్ దాకా ఆగకండి, డ్యూటీ డాక్టరును పిలిపించండి. అలాంటప్పుడు రాడ్డు సంగతి పక్కకు పోతుంది. ముందు గాయం కడగాలి. అవసరమైతే ఎముకను బయటి నుంచి పిన్నులతో పట్టి ఉంచే ఫిక్సేటర్ వేస్తారు. చీమున్న తొడలో రాడ్డు వేస్తే ఆ చీము ఎముక పొడవునా పాకుతుంది. అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వదలదు.

గాయం శుభ్రంగా ఉందని తేలితేనే మిగతా లెక్కలు. అదే సమయంలో తుంటి కీలు, మోకాలు కనిపించే ఎక్స్‌రేలు తీశారో లేదో కూడా చూడండి. తొడ ఎముక మధ్యలో విరిగిన వాళ్లలో కొద్దిమందికి అదే ఎముక మెడ దగ్గర, అంటే తుంటిలో, సన్నని చీలిక కూడా ఉంటుంది. పెద్ద విరుగుడు కళ్లముందు కనిపిస్తుంటే చిన్నది తప్పిపోవడం పెద్ద ఆసుపత్రుల్లోనూ జరుగుతుంది. అది ఉంటే ట్రాక్షన్‌తో సరిపెట్టడం కుదరదు, వెంటనే ఆపరేషన్ ఉన్న చోటికి వెళ్లాలి.

వాయిదాల గురించి మీకు కోపం ఉంది, అది న్యాయమే. కానీ వాయిదా పడిన కారణం తెలియకుండా ఆసుపత్రి మారిస్తే అక్కడా అదే కారణం ఎదురు కావచ్చు. రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో పదికి తొమ్మిది మంది పేద, మధ్యాదాయ దేశాల వాళ్లే. ప్రాణం దక్కి గాయాలతో మిగిలేవాళ్లు 2 కోట్ల నుంచి 5 కోట్ల దాకా ఉంటారు. వాళ్లలో చాలామంది వచ్చి చేరేది ఒకటి రెండు ఆపరేషన్ టేబుళ్లు, ఒకే మత్తు డాక్టరు ఉన్న ఇలాంటి ఆసుపత్రులకే. రాత్రి కాన్పు కష్టమై ఒకామె వస్తుంది, పేగు పగిలి మరొకరు వస్తారు. వాళ్లను ఆపితే ప్రాణం పోతుంది. చర్మం చెక్కుచెదరని తొడ విరుగుడు మాత్రం ట్రాక్షన్‌లో ఆగగలదు. అందుకే లిస్టులోంచి జారేది ఎప్పుడూ ఆ పేరే. "సారూ, ఆపరేషన్ ఎప్పుడు?" అని అడిగితే "చూద్దాం" అనే జవాబు వస్తుంది. "ఏం లేక ఆగింది? రక్తమా, రాడ్డా, మత్తు డాక్టరా, యంత్రమా?" అని అడగండి. ఆగింది రక్తం కోసమైతే అది మీ చేతిలో పనే. తొడ ఎముక విరిగితే చర్మం తెగకపోయినా తొడ లోపలే లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం పోతుంది. అందువల్ల తొమ్మిదో రోజుకు హిమోగ్లోబిన్ తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. అది ఎంతుందో అడిగి, ఎన్ని యూనిట్లు కావాలంటే అంతమంది దాతల్ని బంధువుల్లో, స్నేహితుల్లో ఇప్పుడే చూసిపెట్టండి. ఆపరేషన్ రోజు పొద్దున్న వెతకడం మొదలుపెట్టినవాళ్ల పేరు ఆ రోజే లిస్టులోంచి పోతుంది.

ఆగింది సీ-ఆర్మ్ కోసమే అయితే ఇంకో ప్రశ్న ఉంది. సీ-ఆర్మ్ అంటే ఆపరేషన్ జరుగుతుండగానే ఎముకను తెర మీద చూపించే ఎక్స్‌రే యంత్రం. రాడ్డు రెండు కొసల్లో అడ్డంగా స్క్రూలు వేసేటప్పుడు, ఎముక లోపలున్న రాడ్డు రంధ్రం ఎక్కడుందో కనిపెట్టడానికి అది కావాలి. అది లేకపోతే రాడ్డు అసాధ్యం అని చాలామంది అనుకుంటారు, కాదు. లూయిస్ జిర్కిల్ అనే అమెరికా ఎముకల సర్జన్ 1999లో స్థాపించిన సైన్ అనే సంస్థ సరిగ్గా ఈ ఇబ్బంది కోసమే ఒక రాడ్డు తయారుచేసింది. రాడ్డుకు బయట ఒక లోహపు చట్రం బిగిస్తారు. స్క్రూ ఎక్కడ దిగాలో ఆ చట్రంలోని రంధ్రాలే చూపిస్తాయి. యాభైకి పైగా దేశాల ఆసుపత్రుల్లో అది వాడుకలో ఉంది. అది లేకపోయినా, విరిగిన చోట తెరిచి కళ్లతో చూస్తూ రాడ్డో ప్లేటో వేసే పద్ధతి ఉంది. దానికి కోత పెద్దది, రక్తం ఎక్కువ పోతుంది, చీము పట్టే అవకాశం కొంచెం ఎక్కువ. మీ డాక్టరుకు ఆ అలవాటు ఉందా, ఆ థియేటర్ శుభ్రత మీద ఆయనకు నమ్మకం ఉందా అన్నది ఆయన్నే అడగండి. "నేనిక్కడ తెరవను" అని ఆయన అంటే ఆ మాటకు విలువ ఇవ్వండి.

రాడ్డు కోసం ఆగేటట్టయితే ఆ ఆగడానికి ఒక గడువు పెట్టుకోండి. విరిగిన దగ్గర్నుంచి సుమారు మూడు వారాలు దాటితే ముక్కల చుట్టూ మెత్తటి కొత్త ఎముక కమ్ముకుంటుంది, కండరాలు కురచై బిగుస్తాయి. అప్పుడు ముక్కల్ని తిరిగి ఎదురెదురుగా తేవాలంటే తెరవక తప్పదు, పని కష్టం. తొమ్మిది రోజులు అయిపోయాయి కాబట్టి మీ చేతిలో ఇంకా పది పన్నెండు రోజులున్నాయి. వచ్చే వారంలోగా ఖాయమైన తేదీ దొరక్కపోతే, పూర్తిగా ట్రాక్షన్ మీదే ఉండాలా, వేరే చోటికి వెళ్లాలా అన్నది అప్పుడే తేల్చాలి. నాలుగో వారందాకా నాన్చి, అప్పుడు అప్పు చేసి పరిగెత్తడం అన్నిటికంటే చెడ్డ దారి.

ట్రాక్షన్‌తోనే నయం చేయడం గురించి మీ మేనమామకు చిన్నచూపు ఉన్నట్టుంది. అది వదిలేసిన వైద్యం కాదు. రాడ్లు రాకముందు లోకమంతా తొడ ఎముకలు అలాగే అతికాయి. సరిగ్గా చూసుకుంటే ఇప్పటికీ ఎక్కువ మందికి అతుకుతాయి. తేడా కాలంలో ఉంటుంది. రాడ్డు వేస్తే ఒకటి రెండు రోజుల్లో లేచి కూర్చోవచ్చు, ఊతకర్రలతో నిలబడొచ్చు. ట్రాక్షన్‌లో అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మంచం మీదే. తర్వాత ఊతకర్రలు. పూర్తి బరువు వెయ్యడానికి మూడు నెలలు దాటొచ్చు. కాలు కొద్దిగా పొట్టి కావడం, వంకరగా అతకడం, మోకాలు బిగుసుకుపోవడం కూడా ట్రాక్షన్‌లోనే ఎక్కువ. దీనికి బదులుగా కోత లేదు, లోపల లోహం లేదు, ఆపరేషన్‌తో వచ్చే చీము భయం లేదు. ఇంట్లో సంపాదన ఆగిపోయే కాలాన్ని, చేయబోయే అప్పును పక్కపక్కన పెట్టి లెక్క వేసుకోండి. నెలల తరబడి కూలి పోవడం పెద్ద నష్టంలానే ఉంటుంది. కానీ రెండేళ్లు తీర్చాల్సిన అప్పు అంతకంటే పెద్దది కావచ్చు. ఆ లెక్క మీ కుటుంబమే వెయ్యగలదు.

ఏ దారి ఎంచుకున్నా, ఇప్పుడు ట్రాక్షన్ ఎలా ఉందన్నదే మీ తమ్ముడి కాలు ఎలా అతుకుతుందో చాలావరకు తేలుస్తుంది. యాభై మంచాల వార్డులో ఇద్దరు సిస్టర్లు రోజంతా దీన్ని చూడలేరు. మీరు చూడగలరు. మంచం కాళ్ల వైపు నిలబడి చూడండి. బరువు గాలిలో వేలాడుతోందా, నేలకో మంచం కోడుకో తగులుతోందా? తాడు ముడి గిలక దగ్గర ఇరుక్కుందా? దుప్పటి తాడు మీద పడి ఉందా? వీటిలో ఏ ఒక్కటి జరిగినా బరువు లాగడం మానేస్తుంది, చూసేవాళ్లకు మాత్రం ట్రాక్షన్ ఉన్నట్టే కనిపిస్తుంది. పిన్నుతో వేసే బరువు సాధారణంగా శరీర బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా, అంటే 60 కిలోల మనిషికి 6 నుంచి ఎనిమిదిన్నర కిలోలు. మంచం కాళ్ల వైపు ఇటుకలతో ఎత్తుగా ఉంచాలి. లేకపోతే మనిషే కిందికి జారి, బరువు నేలను తాకుతుంది. బరువును మీరుగా పెంచొద్దు, తగ్గించొద్దు. ఎక్కువైతే ముక్కల మధ్య ఖాళీ వచ్చి అతకడమే ఆగిపోతుంది. అందుకే మొదటి మూడు వారాలు వారానికొక ఎక్స్‌రే అడగండి. ముక్కల్ని సర్దగలిగే కాలం అదే.

పొడవు కొలవడం కూడా కష్టమేమీ కాదు. నడుం ముందువైపు తగిలే ఎముక మొన నుంచి చీలమండ లోపలి గుబ్బ దాకా రెండు కాళ్లూ టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. ఒక సెంటీమీటరు తేడాకు నడక సర్దుకుంటుంది. రెండు దాటితే కుంటు కనిపిస్తుంది, వెంటనే చెప్పాలి. మోకాలి చిప్ప, పాదం పైకప్పు వైపు చూస్తున్నాయా, బయటికి వాలిపోతున్నాయా అన్నది కూడా గమనించండి. పాదం బయటికి వాలితే మోకాలి బయటి పక్కన, చిప్పకు కాస్త కింద, ఎముకను చుట్టి వెళ్లే నరం పరుపుకు నొక్కుకుంటుంది. పూటకోసారి బొటనవేలిని, పాదాన్ని తన వైపు ఎత్తమనండి. నిన్న ఎత్తినవాడు ఇవాళ ఎత్తలేకపోతే అది ఆ పూటే డాక్టరుకు తెలియాలి. నొక్కుడు త్వరగా తీసేస్తే నరం కోలుకునే అవకాశం ఎక్కువ.

పిన్ను దూరిన రెండు చోట్లా రోజూ కాచి చల్లార్చిన నీళ్లతోనో సెలైన్‌తోనో తుడిచి, పొడి గాజుగుడ్డ చుట్టమనండి. అక్కడ ఎర్రదనం, చీము, పిన్ను లూజవడం కనిపిస్తే చెప్పండి. పిన్ను దగ్గర చీముంటే తర్వాత రాడ్డు వేయడానికీ సర్జన్లు వెనకాడతారు. మంచం మీద వేలాడే పిడి ఉంటే, రెండు గంటలకోసారి దాన్ని పట్టుకుని నడుం ఎత్తమనండి. పిర్రల మధ్య, మడమ దగ్గర చర్మం ఎర్రబడి, నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. మడమ కింద గుడ్డ చుట్టలు పెట్టొద్దు. మడమ గాలిలో ఉండేలా పిక్క కింద మెత్త పెట్టండి. గంటకోసారి పది గట్టి ఊపిర్లు, పాదం పైకీ కిందికీ ఆడించడం, తొడ కండరాన్ని బిగించి వదలడం చేయించండి. పడుకున్న కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని ఇవి తగ్గిస్తాయి. ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చినా అది అత్యవసరం. పొగతాగే అలవాటు ఉంటే ఈ మూడు నెలలైనా మానేయాలి. పొగ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుందన్నది తేలిన విషయం. తిండిలో మాంసకృత్తులు, నీళ్లు తగ్గకుండా చూడండి.

ట్రాక్షన్ మీదే ఉండాలని తేలితే, మంచం కింది సగం దించి మోకాలు వంచే పెర్కిన్స్ పద్ధతి అక్కడ చేస్తారేమో అడగండి. బరువు లాగుతుండగానే రోజుకు నాలుగైదుసార్లు మోకాలు వంచి చాపుతారు. మోకాలు బిగుసుకోదు, కండరం కరగదు, ఎముక అతకడానికీ ఆ కదలిక తోడ్పడుతుంది. ఇక్కడ కదలికకూ, మీ స్టూలు వల్ల వచ్చే కదలికకూ తేడా ఉంది. లాగుడు ఆగకుండా జరిగే వ్యాయామం వేరు, లాగుడే ఆగిపోవడం వేరు.

వేరే చోటికి మార్చాలనుకుంటే ముందు ఫోన్. అక్కడ మంచం ఉందా, సర్జన్ ఏ రోజు చేస్తారు, రాడ్డు సైజులు ఉన్నాయా, మొత్తం ఖర్చు ఎంత, అందులో రాడ్డు, రక్తం, మత్తు, మందులు కలిసి ఉన్నాయా అని అడిగి, జవాబులు రాసుకోండి. అవి తేలకుండా బయల్దేరితే అక్కడ కూడా ట్రాక్షన్ వేసి పడుకోబెడతారు, తేడా బిల్లులోనే ఉంటుంది. బరువులు తీసి మామూలు వాహనంలో అస్సలు తీసుకెళ్లొద్దు. థామస్ స్ప్లింట్ అనే ఇనుప చట్రంలో కాలు పెట్టి, తాడును చట్రం కొసకు బిగించి కట్టి పంపమని అడగండి. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ విరిగిన సైనికుల మరణాలు బాగా తగ్గడానికి కారణమైంది ఈ చట్రమే, ఇప్పటికీ దారి ప్రయాణానికి దాన్ని మించింది తక్కువ. బయల్దేరే ముందు నొప్పి మందు పడాలి. దారిలో వేళ్ల రంగు, వెచ్చదనం, స్పర్శ చూస్తూ ఉండాలి. ఎక్స్‌రేలు, కేస్ షీట్ నకలు, రక్తం గ్రూపు చీటీ మీ సంచిలోనే ఉంచుకోండి.

కట్టు వైద్యుడి సంగతి అమ్మతో గొడవ పడకుండా మాట్లాడండి. ఆమె చుట్టుపక్కల చెయ్యో మణికట్టో అక్కడ బాగుపడ్డవాళ్లను చూసి ఉంటారు. కదలకుండా ఉంచితే తమంతట తామే అతికే విరుగుళ్లు చాలా ఉన్నాయి. తొడ ఎముక ఆ జాతిది కాదు. ఎన్ని బద్దలు పెట్టి ఎంత గట్టిగా కట్టినా, ఆ కట్టు లోపల కండరాలు ముక్కల్ని లాగుతూనే ఉంటాయి. కట్టు లాగుడుకు ఎదురు లాగలేదు కదా. గట్టిగా కడితే రక్తం ఆడక కాలు పోయే ప్రమాదం, నూనె రాసి మర్దన చేస్తే కండరంలోనే ఎముక పుట్టుకొచ్చే ప్రమాదం. పైగా ఆ గాయం సంగతి ఇంకా తేలలేదు. ఆమె భయం అసలు "కోస్తారేమో, కాలు పోతుందేమో" అన్నదైతే, ట్రాక్షన్ అంటే కోత లేని వైద్యమేనని డాక్టరు నోటితోనే ఆమెకు చెప్పించండి. ఆమెకు కావలసిన ధైర్యం అక్కడ దొరకొచ్చు.

రేపు పొద్దున రౌండ్స్‌కు మీరొక్కరే కాకుండా మేనమామను కూడా వెంట ఉంచుకోండి. ఇద్దరూ ఒకే జవాబు వింటే ఇంటికెళ్లాక వాదన సగం తగ్గుతుంది. గాయం, తుంటి ఎక్స్‌రే, హిమోగ్లోబిన్, వాయిదాకు కారణం, గడువు, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు చెప్పింది అక్కడే ఆ కాగితం మీద రాసుకోండి. ఇవాళ రాత్రికి మాత్రం ఆ స్టూలు మంచానికి దూరంగా జరిపి, తమ్ముడి పక్కన మీరు కూర్చోవడానికి వాడుకోండి.